సబ్బు బిళ్ళలకు అంచు తీయు పనిముట్టు – ఎంపికలో గమనింపదగిన విషయములు

గ్రామ పంచాయతి సమావేశములలో రోడ్డు, మురుగుకాలువ, మంచినీటి కుళాయి, వీధిదీపము తరచుగా చర్చకు వచ్చును. ఒక చిన్న చేతి పనిముట్టు చర్చకు వచ్చుట అరుదు. వచ్చినను, "ఎంతలో ఏదో ఒకటి కొనుడు" అన్న మాటతో ఆ విషయము ముగిసిపోవును. అయితే కుటీర పరిశ్రమలో లాభనష్టములు పెక్కుసార్లు ఇట్టి చిన్న పనిముట్టు చెంతనే తేలుచుండును. ఆ కారణముచేత ఈ మాసము మేము చేతితో చేసిన సబ్బు బిళ్ళల అంచులు తీయు పనిముట్టును గురించి పంచాయతి సభ్యులకు వివరింపదలచితిమి.

ఇది పంచాయతికి సంబంధించిన విషయమేనా అని కొందరు సభ్యులు సంశయింపవచ్చును. రాజ్యాంగమునకు 1992లో జరిగిన 73వ సవరణ వలన పదునొకండవ షెడ్యూలు చేర్చబడినది. పంచాయతులకు అప్పగింపదగిన 29 విషయములు అందు కలవు. ఎనిమిదవది చిన్న తరహా పరిశ్రమలు. తొమ్మిదవది ఖాదీ, గ్రామ, కుటీర పరిశ్రమలు. కావున ఊరిలోని మహిళా సంఘము సబ్బు తయారుచేయుచున్నప్పుడు దానికి మంచి సలహా నిచ్చుట, నిబంధనలు అనుమతించు మేరకు సాయపడుట పంచాయతి పనిలో భాగమే.

కుటీర సబ్బు పరిశ్రమ మనకు క్రొత్తది కాదు. 1956లో ఖాదీ గ్రామ పరిశ్రమల కమిషన్ చట్టము చేసిననాడే గ్రామ పరిశ్రమల పట్టికలో కుటీర సబ్బు పరిశ్రమకు స్థానము లభించినది. వేప, కానుగ, ఇప్ప వంటి వంటకు పనికిరాని నూనెలను సబ్బునకు వినియోగించినచో తినెడి నూనె మిగులునని, అడవులలోను గట్లమీదను రాలిపోవు గింజకు విలువ వచ్చునని ఆనాటి పెద్దలు తలచిరి. 1982లో డ్వాక్రా పథకము ఆరంభమైన పిదప మహిళలు సంఘములుగా ఏర్పడి ఇట్టి పనులు చేపట్టుటకు దారి ఏర్పడినది. నేడు కొబ్బరినూనె, వేపనూనె, పసుపు, కలబంద మొదలగు వానితో సబ్బు చేయు సంఘములు పలు ఊళ్ళలో కలవు.

అంచు తీయుట అనగానేమి?

చల్లని పద్ధతిలో నూనెను, కాస్టిక్ సోడా ద్రావణమును కలిపి చిలికి, చిక్కబడిన దానిని చెక్క అచ్చులో పోయుదురు. ఒకటి రెండు దినములలో అది గట్టిపడును. ఆ దిమ్మను తీగతోగాని కత్తితోగాని బిళ్ళలుగా కోసి, గాలి తగులునట్లు నాలుగు మొదలు ఆరు వారముల వరకు ఆరబెట్టుదురు. ఇట్లు కోసిన బిళ్ళకు ఆరు ముఖములు, పండ్రెండు అంచులు, ఎనిమిది మూలలు ఉండును. అంచులు ఇటుక అంచువలె మొనదేలి ఉండును. ఆ మొనను ఏటవాలుగా సన్నని పట్టీవలె చెక్కివేయుటయే అంచు తీయుట. వడ్రంగి ద్వారబంధపు మొన పోగొట్టునట్టి పనియే ఇదియు. రెండు ముఖముల నుండి సమానముగా తీసినచో ఆ వాలు 45 డిగ్రీలుగా వచ్చును.

ఈ పని అలంకారము కొరకే అని తలపరాదు. దీనివలన నాలుగు ప్రయోజనములు కలవు.

మొదటిది: మొనదేలిన అంచు బలహీనమైనది. బిళ్ళలు పెట్టెలో ఒకదానితో నొకటి రాచుకొన్నప్పుడు మొదట విరుగునది ఆ మొనయే. బస్సుమీద సంతకు పోవు పెట్టెలో అడుగున రాలిన పొడి అంతయు అంచులదే. అంచు తీసిన బిళ్ళకు విరుగుటకు మొన ఉండదు.

రెండవది: క్రొత్త బిళ్ళ మొన చేతికిని, పసిపిల్లల ఒంటికిని ఒరుసుకొనును. కొన్నవారు తొలిసారి వాడినప్పుడే ఆ సబ్బుపై వారికి అభిప్రాయము ఏర్పడును.

మూడవది: తీగతో కోసినప్పుడు అంచు వెంట చిన్న చిన్న పెళుసు పోగులు లేచును. దిమ్మ పైభాగమున గాలికి తెల్లని సోడా పొర పట్టును. అంచు తీయుటతో పోగులు పోవును. ముఖమును కూడ పలుచగా చిత్రిక పట్టినచో తెల్లని పొర తొలగును.

నాలుగవది: అన్ని బిళ్ళలు ఒకే తీరున కనిపించును. చుట్టిన కాగితము మొనలవద్ద చిరుగదు.

ఎంత తీయవలెను?

పనిముట్టును ఎన్నుకొనుటకు ముందు సభ్యులు తెలిసికొనవలసిన లెక్క యొకటి కలదు. ఇది కష్టమైనది కాదు. ఒకసారి కాగితముపై వేసి చూచిన చాలును.

ఒక బిళ్ళ పొడవు 8 సెంటీమీటర్లు, వెడల్పు 5.5 సెంటీమీటర్లు, మందము 2.5 సెంటీమీటర్లు అనుకొందము. దాని ఘనపరిమాణము 110 ఘన సెంటీమీటర్లు. పొడవు అంచులు నాలుగు, వెడల్పు అంచులు నాలుగు, మందపు అంచులు నాలుగు. అన్నియు కలిపి 64 సెంటీమీటర్లు. ప్రతి ముఖము నుండి 2 మిల్లీమీటర్ల చొప్పున అంచు తీసినచో పోవునది ఒక చిన్న త్రికోణపు పట్టీ. దాని అడ్డుకోత వైశాల్యము 2 చదరపు మిల్లీమీటర్లు. ఆ లెక్కన బిళ్ళ మొత్తమునుండి పోవునది సుమారు 1.3 ఘన సెంటీమీటర్లు. అనగా నూటికి ఒకటికి కొంచెము పైన.

అదే 4 మిల్లీమీటర్ల చొప్పున తీసినచో ఎంత పోవును? రెట్టింపు అని పెక్కుమంది చెప్పుదురు. కాని త్రికోణము రెండువైపుల పెరుగును గనుక పోవునది నాలుగు రెట్లు. అడ్డుకోత 8 చదరపు మిల్లీమీటర్లగును. బిళ్ళకు సుమారు 5 ఘన సెంటీమీటర్లు, అనగా నూటికి నాలుగున్నరకు పైగా, పొట్టుగా రాలును. సబ్బు బరువును ఘన సెంటీమీటరుకు ఉరమరగా ఒక గ్రాముగా తీసికొన్నచో, వేయి బిళ్ళలపై మొదటి తీరున పోవునది కిలోకు కొంచెము ఎక్కువ. రెండవ తీరున పోవునది అయిదు కిలోలు. ఆ అయిదు కిలోల సబ్బులో సంఘము కొన్న నూనె కలదు, స్త్రీల శ్రమ కలదు.

కావున మంచి పనిముట్టునకు మొదటి లక్షణము పదును కాదు. ప్రతిసారియు ఒకే లోతున కోయుట. పదును పోయినచో నూరుకొనవచ్చును. లోతు నిలువని పనిముట్టు మాత్రము ప్రతి బిళ్ళనుండి మనకు తెలియకుండ సొమ్ము తీయుచుండును. ఒకటిన్నర మొదలు రెండు మిల్లీమీటర్ల వరకు తీసినచో మొన పోవును, చేతికి నున్నగా తగులును. అంతకు మించి తీయుట చూపు కొరకే.

ఎప్పుడు తీయవలెను?

పనిముట్టు ఎంత మంచిదైనను అదను తప్పినచో పని చెడును. ఈ విషయము మాకు ఒక ఊరిలో స్పష్టముగా తెలియవచ్చినది.

ఆ ఊరి సర్పంచి మమ్ములను సంఘపు గదికి తీసికొనిపోయి, అటకమీద దుమ్ముపట్టియున్న ఒక చెక్క అంచుపెట్టెను చూపిరి. "దీనిని తెప్పించి ఏడాది అయినదండీ. ఒక్క నెల వాడి పైన పెట్టినారు" అని వారు చిన్నబుచ్చుకొనిరి. సంఘ నాయకురాలు పెద్దామె. సర్పంచికి వరుసకు అక్క యగును. "తమ్ముడూ, వద్దని పెట్టలేదు. తోసిన బిళ్ళకెల్లా మూల పెళ్ళగిలినది. విరిగిన బిళ్ళలున్నవని దుకాణమాయన ఆ పెట్టెను తిప్పి పంపినాడు. ఆరు వారాలు కాపాడిన సబ్బు ఒక్క పూటలో పాడయినది" అని ఆమె చెప్పిరి.

వారి సబ్బులో కొబ్బరినూనె పాలు ఎక్కువ. దానిని ఆరు వారములు ఆరబెట్టి, కాగితము చుట్టుటకు ముందునాడు అంచు తీయుచుండిరి. కొబ్బరినూనె సబ్బు త్వరగా గట్టిపడి పెళుసెక్కును. ఎండిన బెల్లపుదిమ్మను కత్తితో చెక్కినచో ముక్కలుగా ఊడునట్లే, బాగుగా ఆరిన ఆ సబ్బును కత్తి తాకినప్పుడు పట్టీగా రాక పెళ్ళలుగా లేచుచుండినది. ఆనాడు కోసి మూడు దినములైన దిమ్మ ఒకటి అక్కడ ఉండెను. పెట్టెను దించి, కత్తి తుడిచి, ఆ బిళ్ళనొకదానిని తోసి చూచితిమి. పొట్టు చుట్టలు చుట్టుకొని వచ్చినది. అంచు నున్నగా తేలినది. నాయకురాలు ఆ పొట్టును వ్రేళ్ళతో తీసి చూచి, "అయితే ఏడాది నుంచి తప్పు దీనిది కాదన్నమాట" అనిరి. ఎవరును ఏమియు అనలేదు. పనిముట్టు ఇచ్చినవారు వాడు విధము చెప్పలేదు, పుచ్చుకొన్నవారు అడుగలేదు, ఆ పంచాయతి కూడ పెట్టె వచ్చినదని పుస్తకములో వ్రాసి ఊరకున్నది. ఏడాది పొడుగున ఆ స్త్రీలు మొనలతోనే సబ్బు అమ్మిరి.

ఈ పని యందు అదనును ఇట్లు గుర్తింపవలెను. బిళ్ళను బొటనవ్రేలితో ఒత్తినప్పుడు గుంట పడరాదు, వ్రేలికి అంటుకొనరాదు. కత్తితో గీరినప్పుడు పొట్టు చుట్టగా రావలెను. జిడ్డుగా సాగినచో ఇంక ఆగవలెను. పొడిగా రాలినచో అదను దాటినదని తెలిసికొనవలెను. కొబ్బరినూనె ఎక్కువగా ఉన్న సబ్బునకు కోసిన కొలది దినములకే ఈ అదను వచ్చును. వేపనూనె, కానుగనూనె వంటివి ఎక్కువగా నున్న మెత్తని సబ్బునకు ఇంకను కొన్ని దినములు, ఒక్కొక్కప్పుడు రెండు మూడు వారములు పట్టును. వానకాలమున మరికొంత ఆలస్యమగును. పంచాంగము చూచి దినము నిర్ణయించు పని కాదిది. వ్రేలితో ఒత్తి చూచి నిర్ణయింపవలెను.

క్రొత్తగా కోసిన సబ్బులో క్షారము ఇంకను ఘాటుగా నుండవచ్చును. కావున తొలి దినములలో అంచు తీయువారు రబ్బరు చేతితొడుగులు తప్పక ధరింపవలెను.

పనిముట్టులు – వాని గుణదోషములు

1. కూరగాయల కత్తి, కత్తిపీట. ఇవి ప్రతి ఇంట నుండును, ఖర్చు లేదు. అయితే వాలును, లోతును నిర్ణయించునది చేయి మాత్రమే. పది బిళ్ళలకు చేయి కుదురుగా నుండును. యాభయ్యవ బిళ్ళకు అలయును. అలసిన చేయి లోతుగా కోయును. అమ్మకమునకు చేయు సబ్బునకు ఇవి తగవు.

2. తొక్క తీయు పీలర్. బీరకాయ, దోసకాయ తొక్క తీయు పనిముట్టే ఇది. పాత్రల దుకాణములో స్వల్ప వెలకు దొరకును. కత్తికి ప్రక్కన చిన్న బద్ద ఉండుటచేత మరీ లోతుగా దిగదు. ఇందులో రెండు రకములు కలవు. ఒకదానిలో కత్తి అటునిటు ఊగును; రెండవదానిలో బిగించి యుండును. ఊగెడి కత్తి వంపులున్న కాయకు మంచిది. తిన్నని సబ్బు అంచునకు బిగించిన కత్తియే వాలును కుదురుగా నిలుపును. నెలకు నూరు బిళ్ళలకు లోపు చేయు క్రొత్త సంఘమునకు మంచి పీలర్ రెండు చాలును. వీనితో పని నేర్చుకొన్న పిదపనే పెద్ద పనిముట్టు మాట తలపెట్టుట మేలు.

3. చెక్క అంచుపెట్టె. సబ్బు చేయువారి కొరకే తయారైన పనిముట్టు ఇది. ఒక పీటవంటి చెక్కలో కత్తి అమర్చి యుండును. ఒక ప్రక్క చదునుగా ఉండి ముఖమును చిత్రిక పట్టుటకు పనికివచ్చును. రెండవ ప్రక్క రెండు వాలుపలకలు కలిసిన గాడి ఉండును; ఆ రెండు పలకల నడుమ కోణము 90 డిగ్రీలు. బిళ్ళ అంచును గాడిలో నుంచి ముందుకు తోసినచో కత్తి మొనను కోసివేయును. రెండు ముఖములు రెండు పలకలకు ఆని యుండుటచేత వాలు తప్పదు. గాడి అడుగునకు కత్తి ఎంత ఎత్తున నున్నదో అంతే కోయును గనుక లోతు తప్పదు. ముఖమునకు 2 మిల్లీమీటర్ల చొప్పున తీయుటకు కత్తి గాడి అడుగునకు సుమారు 1.4 మిల్లీమీటర్ల ఎత్తున నున్న చాలును. అప్పుడు తేలెడి పట్టీ వెడల్పు సుమారు 2.8 మిల్లీమీటర్లుండును. క్రొత్తవారు చేసినను పాతవారు చేసినను బిళ్ళ ఒకే తీరుగా వచ్చుట దీని గొప్పగుణము. నెలకు కొన్ని వందల బిళ్ళలు చేయు సంఘమునకు ఇదియే తగినది.

దీనిని కొనునప్పుడు చూడవలసినవి అయిదు. కత్తిని ఊడదీసి శుభ్రపరచుటకు, నూరుటకు వీలుండవలెను. కత్తి ఎత్తును మార్చుకొనుటకు మరలు ఉండవలెను. గాడి పొడవు బిళ్ళ పొడవునకు కనీసము రెండింతలుండవలెను. లేనిచో బిళ్ళ ఆనకముందే కత్తిని తాకును. బల్ల అంచునకు ఆనుటకు క్రిందివైపున ఆపుడుబద్ద ఉండవలెను. అది లేనిచో తోసినప్పుడెల్ల పెట్టెయే కదలును. అయిదవది, పని చేయువారు క్రింద కూర్చుందురో, బల్ల ముందు నిలుచుందురో తెలిసికొని దానికి తగిన ఎత్తు చూడవలెను.

4. వడ్రంగి చిత్రిక. తెలంగాణమున దీనిని రందా అందురు. తలక్రిందుగా బిగించి దానిపై సబ్బును తోయుట కొందరి అలవాటు. ముఖము చదును చేయుటకు ఇది బాగుగ పనిచేయును. అంచునకు మాత్రము గాడి లేనందున వాలును చేతితోనే చూచుకొనవలెను. కఱ్ఱపనికి వాడిన చిత్రికకు నూనె, తుప్పు, కఱ్ఱపొడి అంటియుండును. అవి సబ్బునకు మరకలు చేయును. వాడదలచినచో సబ్బునకు వేరుగా ఒకటి ఉంచుకొనవలెను.

5. అచ్చులు, ఒత్తుడు యంత్రము. అంచులు గుండ్రముగా నున్న విడి అచ్చులలో పోసినచో బిళ్ళ అంచు తీసిన రూపముతోనే వచ్చును, పొట్టు రాలదు. కాని అచ్చులు ఎన్ని ఉన్నవో అన్నియే బిళ్ళలు ఒకసారికి వచ్చును. చేతితో త్రిప్పు ఒత్తుడు యంత్రము బిళ్ళకు ముద్రను, అంచును ఒకేసారి ఇచ్చును. దాని వెల ఎక్కువ. ముద్రదిమ్మ మార్చుట ఖర్చుతో కూడిన పని. అమ్మకము స్థిరపడి, నెలకు వేలకొలది బిళ్ళలు పోవుచున్నప్పుడే దీనిని ఆలోచింపవలెను.

పనిముట్టే లేకుండ చేయు ఉపాయము కూడ ఒకటి కలదు. సబ్బు ఇంకను కొంత మెత్తగా నున్నప్పుడు చేతితొడుగు వేసికొని, తడి పిండిన గుడ్డతో అంచు వెంట మెల్లగా రుద్దినచో మొన గుండ్రబడును. ఇంటి వాడుకకు ఇది చాలును.

కత్తి ఏ లోహముతో చేసినది?

సబ్బు క్షారగుణము కలది. అల్యూమినియమును క్షారము తినివేయును. కావున ఆ లోహపు పనిముట్టు తగదు. ఇత్తడి, రాగి కూడ తగవు. రాగి, ఇనుము లేశమాత్రము సబ్బులో చేరినను అందలి నూనె త్వరగా చెడి కంపుకొట్టును. బిళ్ళపై నారింజరంగు మచ్చలు లేచును. మామూలు ఉక్కు కత్తికి పదును బాగుగ నిలుచును గాని తడికి తుప్పు పట్టును. తుప్పుపట్టని స్టెయిన్‌లెస్ స్టీలు కత్తియే అన్ని విధముల మంచిది. దుకాణములో "స్టీలే" అని చెప్పినంత మాత్రమున తృప్తిపడరాదు. ఒక రాత్రి కత్తిని తడిగుడ్డలో చుట్టి ఉంచి తెల్లవారి చూచినచో నిజము తెలియును.

ఊరి వడ్రంగి చేయలేడా?

తప్పక చేయగలడు. టేకు, తుమ్మ వంటి గట్టి కఱ్ఱతో గాడి చెక్కి, స్టెయిన్‌లెస్ స్టీలు కత్తిని రెండు మరలతో బిగించిన చాలును. ఇందువలన ఊరి సొమ్ము ఊరిలోనే నిలుచును; మరమ్మతు వచ్చినప్పుడు పట్టణమునకు పంపనక్కరలేదు. అయితే మూడు జాగ్రత్తలు అవసరము. కఱ్ఱ బాగుగ ఎండినది కావలెను, పచ్చికఱ్ఱ వంగును. గాడి కోణమును మూలమట్టముతో సరిచూడవలెను. 90 డిగ్రీలు తప్పినచో బిళ్ళ ఊగును. వానకాలమున కఱ్ఱ ఉబ్బి కత్తిసందు మూసికొనును గనుక ఆ సందు కొంచెము విశాలముగా నుంచవలెను. కఱ్ఱకు రంగు, వార్నీషు పూయరాదు. అవి సబ్బునకు అంటును.

కొనుటకు ముందు పరీక్ష

ఏ పనిముట్టునైనను చూచి కొనుటకంటె వాడి చూచి కొనుట మేలు. దుకాణదారుని ఒప్పించియో, పొరుగూరి సంఘమునుండి ఎరువు తెచ్చుకొనియో ఇట్లు పరీక్షింపవలెను.

ఒకే దిమ్మనుండి ఒకేనాడు కోసిన ఇరువది బిళ్ళలను తీసికొని, పదేసి చొప్పున రెండు భాగములు చేయవలెను. ఒక భాగమునకు ఇప్పుడు వాడుచున్న పనిముట్టుతో, రెండవ భాగమునకు క్రొత్తదానితో అంచు తీయవలెను. పని చేయవలసినది దుకాణదారు కాదు, సర్పంచి కాదు. రోజును ఆ పని చేయబోవు స్త్రీలు. అందును నేర్పరి ఒకరు, క్రొత్తవారు ఒకరు చేయవలెను. తరువాత నాలుగు సంగతులు వ్రాసికొనవలెను: పది బిళ్ళలకు ఎన్ని నిమిషములు పట్టినది, ఎన్ని మూలలు విరిగినవి, పొట్టు ఎన్ని గ్రాములు రాలినది, పని చేసినవారికి చేయి, నడుము నొచ్చినవా. ఈ నాలుగు జవాబులు ఒక కాగితముపై నుండగా పంచాయతి సమావేశములో వాదములకు తావుండదు.

ఇచ్చట మరియొక మాట. బిళ్ళల మందము ఒకే తీరున లేనిచో అంచుపెట్టె ఆ లోపమును దిద్దలేదు. మీ సంఘమువారు కంటిచూపుతో బిళ్ళలు కోయుచున్నచో మొదట కొనవలసినది కొలత నిలిపెడి కోతపెట్టె. అంచుపెట్టె దాని తరువాతనే. ఇందులకు కారణము తూకము చెప్పును.

తూకము – చట్టము

పొట్లముపై 100 గ్రాములని అచ్చువేసినప్పుడు లోపల అంత ఉండవలెను. పొట్లములలో అమ్ము సరుకుపై నికర బరువు ముద్రింపవలెనని 2009 నాటి తూనికలు కొలతల చట్టమును అనుసరించి 2011లో చేసిన నియమములు నిర్దేశించుచున్నవి. సబ్బు ఆరునప్పుడు నీరు ఆవిరియై బరువు తగ్గును. అంచు తీసినప్పుడు మరికొంత తగ్గును.

కోసిననాడు బిళ్ళ 118 గ్రాములున్నదనుకొందము. ఆరుటలో నూటికి పది తగ్గినచో 106 గ్రాములు మిగులును. 2 మిల్లీమీటర్ల అంచు తీసినచో సుమారు 105. 4 మిల్లీమీటర్లు తీసినచో సుమారు 101. ఇంతవరకు క్షేమమే. కాని అదే దిమ్మలో ఒక బిళ్ళ 2 మిల్లీమీటర్లు పలుచగా తెగినచో, రెండున్నర సెంటీమీటర్ల మందములో నూటికి ఎనిమిది పోయినట్లు. ఆ బిళ్ళ అంచు తీయకమున్నే 98 గ్రాములకు దిగును. కోత తప్పు వలన కలిగిన లోటు అంచు తీతకంటె ఎక్కువ అని దీనివలన తెలియుచున్నది. కావున అంచు తీసి, పూర్తిగా ఆరిన పిదపనే తూచి, ఆ బరువును బట్టి పొట్లము వ్రాయవలెను. కోసిననాటి బరువును ఎన్నడును వ్రాయరాదు.

స్నానపు సబ్బు చట్టరీత్యా సౌందర్యసాధనముగా పరిగణింపబడును. దానిని అమ్మకమునకు తయారుచేయుటకు 1940 నాటి ఔషధముల, సౌందర్యసాధనముల చట్టమును, 2020 నాటి సౌందర్యసాధనముల నియమములను అనుసరించి రాష్ట్ర లైసెన్సు అధికారి నుండి అనుమతి పొందవలెను. సంఘమునకు ఈ విషయము తెలియజెప్పి, దరఖాస్తులో తోడ్పడుట సభ్యులు చేయదగిన మంచి సాయము.

పొట్టును పారవేయరాదు

రాలిన పొట్టు మంచి సబ్బే. శుభ్రమైన పళ్ళెములో పట్టి, ఏ సబ్బు పొట్టును ఆ డబ్బాలో ఉంచవలెను. కొంచెము నీటితో సన్నని సెగపై కరిగించి మరల అచ్చు పోయవచ్చును. క్రొత్త దిమ్మలో రంగురంగుల పలుకులుగా కలుపవచ్చును. ఉండలుగా చేసి బట్టలుతుకుటకు, బడిలో పిల్లలు చేతులు కడుగుకొనుటకు ఇయ్యవచ్చును. బడికి ఇయ్యదలచిన పొట్టు నాలుగైదు వారములు ఆరిన పిమ్మటనే ఇయ్యవలెను. నేలపై పడిన పొట్టును స్నానపు సబ్బులో కలుపరాదు.

భద్రత – సంరక్షణ

గాడిలో బిళ్ళను తోయునప్పుడు వ్రేళ్ళు కత్తి మీదుగా పోవును. చిన్న బిళ్ళలకు ఒక తోపుడుచెక్కను వాడవలెను. కొంగు, గాజులు కత్తికి తగులకుండ చూచుకొనవలెను. పని చేయుచోట పసిపిల్లలను ఉంచరాదు. పని ముగిసిన వెంటనే మెత్తని కుంచెతో పొట్టు దులిపి, తడిగుడ్డతోను పిమ్మట పొడిగుడ్డతోను కత్తిని తుడువవలెను. పెట్టెను నీటిలో నానబెట్టరాదు. పదును తగ్గినచో బలముగా తోయవలసివచ్చును. బలముగా తోసినప్పుడే బిళ్ళ విరుగును, వ్రేలు తెగును. కావున నెలకొకమారు పదును చూచుకొనుట అవసరము.

తీర్మానమునకు ముందు

చెప్పిన దానిని కుదించి చూతము. నెలకు నూరు బిళ్ళల లోపు చేయు సంఘమునకు బిగించిన కత్తి గల పీలర్ చాలును. కొన్ని వందలు చేయువారికి కోతపెట్టె మొదటను, అంచుపెట్టె తరువాతను కావలెను. వేలు చేయువారు అచ్చులను, ఒత్తుడు యంత్రమును గురించి ఆలోచింపవచ్చును.

పంచాయతి తీర్మానము వ్రాయుటకు ముందు సభ్యులు ఈ ప్రశ్నలు వేసికొందురు గాక: మన సంఘము నెలకు ఎన్ని బిళ్ళలు అమ్ముచున్నది? వారి సబ్బునకు అంచు తీయు అదను ఎన్నవ దినమున వచ్చుచున్నది? పనిముట్టును వాడబోవు స్త్రీలు దానిని చేతితో పట్టి చూచిరా? కత్తి తుప్పుపట్టనిదేనా? దానిని మన ఊరి వడ్రంగి చేయగలడా? ఆరు నెలల పిదప అది వాడుకలో నున్నదో లేదో చూచి వచ్చు బాధ్యత ఎవరిది?

ఈ చివరి ప్రశ్న మరువరానిది. అటకమీద పెట్టిన ఆ పెట్టె సామగ్రి పుస్తకములో ఏడాది పొడుగున ఒక ఆస్తిగానే నిలిచియున్నది. సభ్యులలో ఒక్కరైనను నెల తిరుగకమునుపు ఆ గదికి వెళ్ళి, "అక్కా, పెట్టె ఎట్లున్నది?" అని అడిగియున్నచో ఆ లోపము ఆనాడే తెలిసియుండెడిది. పనిముట్టు కొనుటకు పంచాయతి ఒక్కసారి కూడిన చాలును. అది పనిచేయుచున్నదో లేదో తెలిసికొనుటకు మాత్రము సభ్యులు సంఘపు గది గడప పలుమారులు త్రొక్కవలెనని మా విన్నపము.